ఎనిమిది వేల మంది దాలమ్మలు

పలాస నుంచి పిడుగుల జట్టు వెళ్ళిపోయిన రోజు దాలమ్మ చేతులకు బూడిద ఉంది. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళందరూ చేతులకు బూడిద పట్టిస్తారు. లేకపోతే పిక్కలోంచి కారే నూనె చర్మాన్ని తినేస్తుంది. పొద్దున్న పదిగంటల వేళ, పని మంచి జోరు మీదున్నప్పుడు, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరో కేకేశారు.

"పిడుగుల్ని బస్సెక్కించేసినారర్రా. అయిదరాబాదు తీసికెలిపోతన్నారు."

చేతిలో కర్ర అక్కడే పడేసి దాలమ్మ పరిగెత్తింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పుల మనిషి, అయినా బస్సును అందుకుంది. పక్కనే పరిగెడుతూ కిటికీ అద్దాల మీద చరిచింది. బస్సు ఆగలేదు.

పిడుగులంటే ఆడపిల్లల బాస్కెట్‌బాల్ జట్టు. జీతాలు తీసుకుని ఆడే జట్లు దేశం మొత్తం మీద పది ఉంటే అందులో ఒకటి. అంత చిన్న ఊరికి అది రావడం, వచ్చి ఏడేళ్ళు నిలవడం జీడి ఫ్యాక్టరీల ఆడవాళ్ళ చలవే. ఆదివారం ఆదివారం ఇసుక మోసి, ఇటుకలందించి, రెండేళ్ళలో వాళ్ళే హాలు కట్టుకున్నారు. ఆట ఉన్న రోజున పిక్కల వాసనతోనే వచ్చి పడమటి వైపు మెట్ల మీద కూర్చునేవాళ్ళు. మధ్యలో దాలమ్మ. ఆమె లేస్తే అందరూ లేచేవారు, ఆమె కూర్చుంటే అందరూ కూర్చునేవారు.

జట్టులో బంతి నడిపించే పిల్ల హైమ. దాలమ్మ పక్క పీట మీద పిక్కలు కొట్టిన స్నేహితురాలి కూతురు. తల్లి పోయాక తొమ్మిదో ఏట నుంచీ దాలమ్మే పెంచింది.

జట్టును కొన్న చక్రధర్ అనే ఆయన వెళ్ళేటప్పుడు ఊరికి ఒక మాట కూడా చెప్పలేదు. మర్నాడు పేపర్లో మాత్రం చెప్పాడు. "జీడిపప్పు తినేవాళ్ళ ఊరికి తీసుకెళ్తున్నాం. పిక్కలు కొట్టేవాళ్ళ ఊళ్ళో ఎన్నాళ్ళుంచుతాం?" అన్నాడు. దాలమ్మ చదువుకోలేదు గానీ అక్షరాలు కూడబలుక్కుని ఆ ముక్క తనే చదివింది. కత్తిరించి బియ్యం డబ్బాలో పెట్టుకుంది. రోజూ బియ్యం తీసేటప్పుడు ఒకసారి చూసుకునేది.

ఏడాది తిరిగింది. హైదరాబాదులో ఎనిమిది వేల కుర్చీల కొత్త హాలుకు ఆరువందల మంది కూడా రావడం లేదని పలాసలో తెలిసింది. బిర్యానీ పొట్లాలు పంచారట. సినిమా వాళ్ళ చేత డ్యాన్సులు చేయించారట. వచ్చినవాళ్ళు ఫోన్లు చూసుకుంటూ కూర్చుని, పొట్లం చంకన పెట్టుకుని, రెండో క్వార్టర్‌లోనే లేచిపోతున్నారట. ఫ్యాక్టరీలో ఆ పూట పిక్కలు నవ్వుతూ కొట్టారు.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం దాలమ్మ ఇంటి ముందు కారు ఆగింది. దిగినావిడ నలభై దాటని మనిషి, పేరు డాక్టర్ కాత్యాయని. చక్రధర్ పెట్టిన ప్రయోగశాలలో శాస్త్రవేత్త. పలాసలో ఆడిన ఆఖరి సీజన్లో జట్టు తరఫున మెడకు కట్టుకునే రిబ్బన్లు ఊరికే పంచారు, గుర్తుందా అని అడిగింది.

"ఉంది. ఎర్రవి."

"వాటిలో మనసు ఊపును కొలిచే తీగలున్నాయండీ. రెండు వేల మందిలో మీ ఊపు అందరికన్నా ఎక్కువ. మాకు అది కావాలి."

చెప్పకుండా కొలిచారన్నమాట. దాలమ్మ ఆవిడకు మంచినీళ్ళిచ్చింది. హైదరాబాదు వస్తానంది.

ఆ సాయంత్రం పైడితల్లి గుమ్మంలో కూర్చుని నిలదీసింది. పైడితల్లిది పడమటి మెట్ల మీద దాలమ్మకు ఎడంపక్క సీటు, ఇరవై ఏళ్ళ స్నేహం.

"ఎల్తావేటే? ఆడి గుమ్మం తొక్కుతావేటి?"

"తొక్కుతాను. ఆడి కూడు తిని ఆడి కుండ పగలగొట్టి వొస్తాను."

"నానింకా మన హైమ గుంట కోసం ఎల్తన్నావేమో అనుకున్నాను."

"గుంటకేటి. అది బాగానే ఉంది" అంది దాలమ్మ, మరీ తొందరగా.

హైదరాబాదు హాలు కిందనే ఉంది ప్రయోగశాల. నేలమాళిగ లాంటి గది, గోడ నిండా తెరలు, ఒక మూల మడత కుర్చీ, ఉప్మా వాసన. కాత్యాయని దాలమ్మ గొంతుకు మెత్తటి పట్టీ కట్టింది. తన మెడ వెనక సన్నటి రేకు అంటించుకుని ఎదురుగా కూర్చుంది.

"ఏదైనా మంచి ఆట తలుచుకోండి."

దాలమ్మ తలుచుకుంది. కాసేపటికి కాత్యాయని చేతులు రెండూ రుద్దుకోవడం మొదలుపెట్టింది, బూడిద పట్టించుకుంటున్నట్టు. తర్వాత లేచి నిలబడింది. కళ్ళ వెంట నీళ్ళు జారిపోతుంటే పిల్లలా నవ్వింది. బాస్కెట్‌బాల్‌లో ఎటు బంతి వేస్తే ఎవరికి పాయింటో కూడా ఆవిడకు తెలియదు.

"దీన్ని అంటు అంటాం" అంది, కళ్ళు తుడుచుకుని. "జీడి మొక్కకు కడతారు కదండీ, అలాగే. మంచి చెట్టు కొమ్మ తెచ్చి ఇంకో మొక్కకు కట్టడం. పైన ప్రతి కుర్చీకీ ఇలాంటి రేకుంది. మీరిక్కడ కూర్చుని ఆట చూస్తారు, మీ మనసు పైకి వెళ్తుంది. టికెట్ వెనక చిన్న అక్షరాల్లో రాశాం."

"కొమ్మ కోసిన సెట్టుకేటవుతాది తల్లీ?"

కాత్యాయని తెర వైపు తిరిగింది. "మళ్ళీ చిగురిస్తుంది" అంది.

మొదటి ఆట నాడు హాల్లో తొమ్మిది వందల మంది. దాలమ్మ కింద గదిలో తెర ముందు కూర్చుంది. ఏం జరిగినా చల్లగా ఉండాలనుకుంది. కానీ ఎర్ర చొక్కాలు కోర్టులోకి రాగానే, వాటి మధ్య హైమ జడ ముడి వేసుకుంటూ నడిచి రాగానే, గుండె ఆమె మాట వినలేదు. పైన తొమ్మిది వందల మంది ఫోన్లు జేబుల్లో పెట్టేశారు.

మూడో క్వార్టర్‌లో హైమకు ఫ్రీ త్రో వచ్చింది. అవతలి పిల్ల తోసినందుకు, గీత దగ్గర ఒంటరిగా నిలబడి, ఎవరూ అడ్డుపడకుండా బంతి వేసే అవకాశం. అప్పుడు ప్రయోగశాల తెరల మీద ఊపును చూపించే గీతలన్నీ ఒక్కసారి పడిపోయాయి. యంత్రం ఆగిపోయిందనుకుని మనుషులు తీగల మీద పడ్డారు. యంత్రం ఆగలేదు. పలాసలో ఆడే రోజుల్లో ఎప్పుడో హైమ, గాజుల చప్పుడు చెవిలో పడి బంతి తప్పిందని ఏడ్చింది. అప్పటి నుంచీ పలాస ఆడవాళ్ళు ఫ్రీ త్రో వేసేటప్పుడు ఈ చేత్తో ఆ చేతి గాజులు, ఆ చేత్తో ఈ చేతి గాజులు బిగబట్టి, ఊపిరి కూడా మానేసి కూర్చుంటారు. పడమటి మెట్ల మీద మూడు వందల మంది అరిచిన దానికన్నా ఆ నిశ్శబ్దంలోనే ఎక్కువ ఉండేది. యంత్రానికి ఆ సంగతి తెలియదు.

తెర మీద దాలమ్మ చూసింది. తొమ్మిది వందల మంది, చొక్కాలు టక్ చేసుకున్న మగవాళ్ళతో సహా, గాజుల్లేని మణికట్లను బిగబట్టి కూర్చున్నారు. ఎందుకో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

గీత దగ్గర నిలబడ్డ హైమ వాళ్ళను చూసింది. బంతి చేతిలో అలాగే ఉండిపోయింది. రిఫరీ విజిల్ వేస్తే గానీ కదలలేదు. వేసిన బంతి రింగు అంచుకు కూడా తగలకుండా వలలోంచి దిగింది.

ఆట అవగానే చెమటతోనే మెట్లు దిగి వెతుక్కుంటూ వచ్చింది.

"నువ్వే గదా పెద్దమ్మా. నాకు తెలుసు. ఆల సేతులు సూసినాను."

"సన్నబడిపోనావే" అంది దాలమ్మ.

"ఇక్కడి కూడు అలాటిది. ఎన్నాల్లుంటావు?"

"సీజన్ అయ్యేదాకా."

హైమ నేల మీద కూలబడి ఆమె ఒళ్ళో తల పెట్టుకుంది. "ఈ సీజన్ హాలు నిండకపోతే జట్టు రద్దంట. అందరం ఇంటికే. నాకు ఇరవై ఐదు వొచ్చీసినాయి. మోకాలు సూస్తే ఇంకో నాలుగేళ్ళు ఆడతాను, అంతే. ఆ నాలుగేళ్ళు నాకియ్యి పెద్దమ్మా. ఇంకేటీ అడగను."

దాలమ్మ ఆమె తల నిమిరింది. ఏ మాటా ఇవ్వలేదు.

హాలు నిండడానికి రెండు నెలలు పట్టింది. ఒకసారి వచ్చినవాడు ఇంటికి వెళ్ళి, ఏదో పోగొట్టుకున్నట్టు తిరిగి, మర్నాడు నలుగుర్ని వెంటబెట్టుకుని వచ్చేవాడు. పేపర్లు దాన్ని అద్భుతమన్నాయి. అద్భుతం రోజూ పొద్దున్న గంజి తాగి, మోకాళ్ళకు నూనె రాసుకుని, కింద గదిలో కూర్చునేది.

ఒకరోజు దాలమ్మ పాత సంగతేదో తలుచుకోబోయింది. పదేళ్ళ హైమ ఫ్యాక్టరీ గోడకు కట్టిన ఇనప రింగులో మొదటిసారి బంతి వేయడం. అంతా కనబడింది, గోడ, రింగు, పిల్ల జడకు కట్టిన ఊడిపోయిన రిబ్బను. కానీ ఎవరో చెప్పిన ఎవరి కథో విన్నట్టుంది. గుండెలో ఏమీ కదల్లేదు. ఇంకోటి తలుచుకుంది. అదీ అంతే. రేషన్ షాపు క్యూలో నిలబడ్డ రోజుకూ, పిడుగులు కప్పు గెలిచిన రోజుకూ తేడా లేదు.

కాత్యాయని దగ్గరికి వెళ్ళి నిలబడింది. "మళ్ళీ సిగురిస్తాదన్నావు."

కాత్యాయని చేతిలో తీగలు కింద పెట్టింది. తర్వాత అంది, "నేను పాడేదాన్నండీ, చిన్నప్పటి నుంచీ. మొదటి ప్రయోగం నామీదే చేసుకున్నాను. పాట మీద నాకున్న ఇష్టం తీసి ఇంకొకరికి కట్టాను. నాలుగేళ్ళయింది. పాట మొత్తం వచ్చు. ఎందుకు పాడాలో మాత్రం రావడం లేదు."

"తెలిసే నన్ను తెచ్చినావు."

"తెలిసే. ఇప్పుడు ఆపేస్తానన్నా ఆపేస్తాను. మీకు ఇంకా కొంత మిగిలింది."

"కోపం ఎంత మిగిలింది?"

కాత్యాయని ఒక పిడి చూపించింది. దాన్ని జల్లెడ అంటారు. ఉత్సాహం ఒక్కటే పైకి వెళ్ళేలా, మిగతావి కింద నిలిచిపోయేలా అడ్డుపెట్టే మర. పిడి తిప్పితే ఆ అడ్డు తొలగిపోతుంది. దాని వెనక ఇన్నాళ్ళూ నిలిచిపోయినదంతా తెర మీద గీతగా కనబడింది. గీత తెర పైభాగం దాటి ఇక చూపించడానికి చోటు లేక ఆగిపోయింది.

"దీన్నైతే ఇంకా ముట్టుకోలేదు" అంది కాత్యాయని.

"అయితే ఆపకు తల్లీ. పిరేమ పోతే పోనీ."

సీజన్ ఆఖరి ఆట. ఎనిమిది వేల కుర్చీలూ నిండాయి. ముందు వరసలో వేరే ఊళ్ళ జట్ల యజమానులు కూర్చున్నారు. అంటు యంత్రాన్ని కొనుక్కోవడానికి వచ్చారు వాళ్ళు. సగం ఆటకు చక్రధర్ మైకు పట్టుకుని కోర్టు మధ్యకు వస్తాడని దాలమ్మకు తెలుసు. ఆ రోజు పొద్దున్న నుంచీ ఆమె అన్నం ముట్టలేదు. పలాసలో జాతరకు ఒక్కపొద్దు ఉన్నట్టు ఉంది.

విరామం గంట మోగింది. కాత్యాయని లేచి చీర సర్దుకుంది.

"నేను టీ తాగి వస్తాను. పావుగంట పడుతుంది" అంది. పిడి వైపు చూడకుండా మిగతావాళ్ళను కూడా వెంటబెట్టుకుని వెళ్ళింది.

తెర మీద చక్రధర్ నవ్వుతూ చేయి ఊపాడు. "ఈ ఊళ్ళో మాకు అభిమానులు దొరకరన్నారు" అన్నాడు. దాలమ్మ పిడి పట్టుకుని చివరిదాకా తిప్పింది. కళ్ళు మూసుకుంది. బియ్యం డబ్బాలో కాగితం ముక్కను తలుచుకుంది. జట్టు పోయాక తాళం పడ్డ పలాస హాలును, గోడౌను చేసి దాన్లో పేర్చిన పిక్కల బస్తాలను తలుచుకుంది. తగలబడు, అనుకుంది. ఎనిమిది వేల నోళ్ళు నిన్ను తిట్టాలి. ఇటుకలు మోసి హాలు కట్టుకున్న ఊరి ఉసురు నీకు తగలాలి.

కళ్ళు తెరిచింది. హాల్లో చప్పుడు ఆగిపోయింది. కానీ ఎవరూ తిట్టడం లేదు. ఎనిమిది వేల మంది చక్రధర్‌ను ముక్కూ మొహం తెలియనివాణ్ణి చూసినట్టు చూస్తున్నారు. దారిన పోయేవాడి మీద ఎవరికి మాత్రం ఏం కోపముంటుంది? ఆయన మాట తడబడింది. రెండు ముక్కలు చెప్పి మైకు ఎవరికో ఇచ్చేసి వెళ్ళి కూర్చున్నాడు.

యంత్రం చెడిందేమో అనుకుంది దాలమ్మ. పిడిని మళ్ళీ గట్టిగా తిప్పింది.

అప్పుడు ఆటగత్తెలు బయటికి వచ్చారు, ముందు హైమ. హాలు మొత్తం మొహం మారింది. అరుపుల్లేవు, కేకల్లేవు. మొదటి వరసలో ఒక పెద్దాయన, పక్కన మనవరాలితో వచ్చినాయన, హైమను ఒక్క చూపు చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. ఆ తిప్పుకోవడం దాలమ్మకు తెలుసు. అది తనది. ఇంట్లో అద్దం ముందు, అన్నం కంచం ముందు, ఏడాదిన్నరగా తను తిప్పుకుంటున్న మొహం అది.

అప్పుడు కనబడింది బస్సు. తను బూడిద చేతులతో చరిచిన ఆ అద్దం వెనక కూర్చున్నది హైమే. చెవుల్లో పాటలు పెట్టుకుంది. చేయి ఊపింది. నవ్వుతోంది. ఆ నవ్వు మీద చక్రధర్ మొహం అంటించి, దాలమ్మ ఇన్నాళ్ళూ తిట్టింది.

"అది గాదు" అంది తెరతో. "అది గాదర్రా, దాన్ని గాదు." పిడిని వెనక్కి తిప్పింది. అప్పటికే వెళ్ళాల్సినదంతా పైకి వెళ్ళిపోయింది.

మూడో క్వార్టర్ మొదలై రెండు నిమిషాలైనా కాలేదు, హైమకు ఫ్రీ త్రో వచ్చింది. గీత దగ్గర నిలబడింది. ఒక వరస లేచింది. తర్వాత దాని వెనక వరస. తోసుకోకుండా, మాట్లాడకుండా ఎనిమిది వేల మంది తలుపుల వైపు నడిచారు. నువ్వు వెళ్ళావు కదా, మేమూ వెళ్తున్నాం, చూడు అన్నట్టు. పిల్లల్ని ఎత్తుకుని కూడా వెళ్ళారు. హైమ బంతి పట్టుకుని నిలబడి, ఆఖరి మనిషి తలుపు దాటేదాకా చూసింది. ముందు వరసలో యజమానులు కూడా లేచి, చక్రధర్‌కు నమస్కారమైనా పెట్టకుండా వెళ్ళిపోయారు.

బయట ఆ రోజు చాలామంది బస్టాపుల్లో కూర్చుని ఏడ్చారట. తమను విడిచి వెళ్ళింది ఎవరో తెలియక ఎవరికి వాళ్ళు తమ ఇళ్ళల్లో వెతుక్కున్నారట. ఒకాయన ఎన్నో ఏళ్ళ తర్వాత చెల్లెలికి ఫోన్ చేసి, పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయినందుకు తిట్టాడట.

హైమ కిందికి వచ్చేసరికి దాలమ్మ మడత కుర్చీలో కూర్చుని ఉంది.

"నామీదేనా పెద్దమ్మా?"

దాలమ్మ ఆమె మొహం చూసింది. చెమటా కన్నీళ్ళూ కలిసిపోయిన మొహం. లేచి కొంగుతో తుడవాలని తెలుసు. లేవాలనిపించలేదు. కోపం లేదు, జాలి లేదు, కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది లోపల.

"నీమీదే" అంది. "బస్సులో నవ్వినావు."

"నవ్వినాను. అయిదరాబాదు ఎల్తన్నానని సరదా పడినాను. ఇరవై మూడేల్ల గుంట సరదా పడకూడదేటి?" హైమ తన చేత్తోనే మొహం తుడుచుకుంది. "మా అమ్మ సచ్చిపోతే దానిమీద కోపం రానేదు నీకు. నీ మొగుడు సచ్చిపోతే ఆడి మీద రానేదు. బతకడానికి ఎల్లినదాని మీద వొచ్చిందా?"

దాలమ్మ గొంతుకున్న పట్టీ విప్పి ఒళ్ళో పెట్టుకుంది.

"నాలుగేల్లు అడిగినాను. నాలుగేల్లు నువ్వు ఇయ్యకపోతే నానే తెచ్చుకుంటాను. నువ్వెక్కడ కూకుని సూస్తే అక్కడికే వొస్తాను పెద్దమ్మా. అవతలి జట్టులో వొస్తాను. సూస్కో."

ఎర్ర చొక్కా అక్కడే విప్పి, లోపలి బనియనుతోనే మెట్లెక్కి వెళ్ళిపోయింది.

యంత్రాన్ని ఎవరూ కొనలేదు. కాత్యాయని పట్టీలన్నీ కత్తిరించి ఉద్యోగం మానేసిందని విన్నారు. చక్రధర్ చేతిలోంచి జట్టు జారిపోయింది. జనం తమంతట తాము వచ్చే హాలు ఒక్కటే ఉందని లీగువాళ్ళు పిడుగుల్ని పలాసకు తిరిగి పంపారు. జీడి ఆడవాళ్ళు హాల్లోంచి బస్తాలు లాగేసి, మూడు రోజులు నేల కడిగారు. దాలమ్మను భుజాల మీద మోసినంత పని చేశారు. "ఆడి కుండ పగలగొట్టి వొచ్చినాది" అని కొత్తగా చేరిన పిల్లలకు చూపించేవారు.

దాలమ్మ పడమటి మెట్ల మీద తన చోట కూర్చునేది. పైడితల్లి చేతుల్ని ఓరగా చూస్తూ, అవి లేచినప్పుడు చప్పట్లు కొట్టేది. అవి బిగిసినప్పుడు గాజులు పట్టుకునేది. ఎవరూ కనిపెట్టలేదు.

నవంబర్లో విశాఖపట్నం జట్టు వచ్చింది. నీలం చొక్కాల్లో హైమ ఉంది. ఊరు ఊరంతా ఆమెను తిట్టింది, పుట్టిన ఊరి మీదికి ఆడొచ్చిందని. హైమ వినిపించుకోలేదు. ఎవరు ఎటువైపు సరిగ్గా అడ్డుకోలేరో, ఎవరికి ఏ కాలు బలహీనమో ఆమెకు తెలియనిదేముంది? ముప్ఫై ఒక్క పాయింట్లు కొట్టింది. పిడుగులు కుప్పకూలారు.

ఆట అయ్యాక వచ్చిన జట్టు మెట్ల దగ్గరికొచ్చి పెద్దవాళ్ళ చేతులు ముట్టుకుని వెళ్ళడం పలాస హాలు మర్యాద. హైమ ఆ మర్యాద తప్పలేదు. వరసగా వచ్చింది. పైడితల్లి చెయ్యి పట్టుకుంది. "బాగున్నావా అత్తా" అంది. దాలమ్మ చెయ్యి చాచింది. హైమ ఆ చేతిని గాలిలోనే వదిలేసి, అవతల కూర్చున్న ముసలమ్మ చెయ్యి పట్టుకుంది. అలాగే వరస చివరిదాకా వెళ్ళింది. వెనక్కి తిరగలేదు.

"సూసినావా దాని పొగరు" అంది పైడితల్లి, పళ్ళు కొరుకుతూ.

దాలమ్మ చెయ్యి ఇంకా ముందుకే ఉంది. దాన్ని మెల్లిగా వెనక్కి తెచ్చుకుని గుండె మీద పెట్టుకుంది. రొమ్ము కింద ఎక్కడో, పచ్చి పిక్క నూనె పడ్డట్టు మంట మొదలైంది. ఎన్నో నెలల తర్వాత మొదటిది. అది తనది. ఎవరూ తీయలేదు, ఎవరికీ కట్టలేదు. అది చల్లారిపోతుందేమోనని భయపడి ఆమె ఊపిరి గట్టిగా తీయలేదు.

"ఏటే, ఏడుస్తన్నావేటి?"

"నేదు. ఇశాపట్నం జట్టు మళ్ళీ ఎప్పుడొస్తాది?"

"ఫిబ్రవరిలో. ఏల?"

"ఈ వరస చివర ఇంకెవల్నీ కూకోబెట్టకు. నాను అక్కడ కూకుంటాను. నన్ను దాటెల్లి పట్టుకోడానికి దానికి ఇంకో సెయ్యి నేకుండా."